కేట్ బ్రౌన్ ఇంటికెందుకు తిరిగొచ్చింది? - మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో డోరిస్ లెస్సింగ్ నవల 'ద సమ్మర్ బిఫోర్ ద డార్క్' గురించి రాశాను. 1973లో వచ్చిన పుస్తకం, లండన్‌లో ఉండే కేట్ బ్రౌన్ అనే నలభై అయిదేళ్ల గృహిణి ఒక్క వేసవిలో పడిన అవస్థ. పాత నవల కదా, ఎవరికి పడుతుందిలే అనుకుంటారేమో గానీ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం కేట్ బ్రౌన్‌కే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మీరు రాసింది చదివి పుస్తకం తెప్పించుకున్నాను. యాభై పేజీలు దాటినా ఏమీ జరగడం లేదండీ. కథేమిటో ముందే చెప్పేస్తే ఓపిక తెచ్చుకుని చదువుతాను. - ఒక పాఠకురాలు, తెనాలి

చెప్పేస్తాను. ఈ నవలకి కథ ముందే తెలిసిపోయినా నష్టమేమీ లేదు.

కేట్‌ది దక్షిణ లండన్‌లోని బ్లాక్‌హీత్. పెద్ద ఇల్లు, తోట, నరాల డాక్టరైన భర్త మైఖేల్, నలుగురు పిల్లలు. ఆఖరివాడు టిమ్‌కి కూడా పందొమ్మిదేళ్లు వచ్చేశాయి. ఆ వేసవిలో మైఖేల్ పని మీద అమెరికా వెళ్తున్నాడు, పిల్లలు తలో దేశం వెళ్తున్నారు, ఇల్లు ఖాళీగా ఎందుకు, అద్దెకిచ్చేద్దాం అనుకుంటారు. అందరికీ అన్నీ కుదిరాయి, కేట్ ఎక్కడుంటుందన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. ఆవిడకి పోర్చుగీసు బాగా వచ్చు కాబట్టి ఒక అంతర్జాతీయ ఆహార సంస్థలో దుబాసీగా వేసవి ఉద్యోగం దొరుకుతుంది. అక్కడ నుంచి ఇస్తాంబుల్‌లో ఒక సదస్సు, తర్వాత తనకన్నా చిన్నవాడైన జెఫ్రీతో స్పెయిన్ ప్రయాణం. అక్కడ అతను జబ్బు పడతాడు, ఆ వెనకే ఈవిడా పడుతుంది, లండన్‌కి తిరిగొచ్చి హోటల్ గదిలో వారాల తరబడి పడుకుంటుంది. లేచేసరికి చిక్కిపోయి, రంగు వెలిసిన జుట్టుతో, ఎవరూ గుర్తుపట్టలేని మనిషి అవుతుంది. ఆఖరికి మోరీన్ అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఉండే ఫ్లాట్‌లో ఒక గది తీసుకుంటుంది, అక్కడే అసలు నవల.

మీరు ఆగిపోయిన చోట ఏమీ జరగడం లేదన్నారు కదా, మొదటి పేజీకి మళ్లీ వెళ్లండి. కరెంటు లేదు. ఇంటి వెనక పుల్లల మంట మీద కెటిల్ పెట్టి, చేతులు కట్టుకుని, నీళ్లు కాగడం కోసం ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఇంటికి అతిథి వచ్చాడు, అతనికి కాఫీ కావాలి. ఆ నిలబడటంలోనే ఇరవై ఏళ్ల కాపురం మొత్తం ఉందని నాకు రెండోసారి చదివినప్పుడు తెలిసింది.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాను, ఇప్పుడు స్లౌలో ఉంటున్నాం, నాకు నలభై ఏడు. అక్కడ డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేశాను, ఇక్కడికొచ్చాక పిల్లలతో సరిపోయింది. పాప మాంచెస్టర్‌లో యూనివర్సిటీకి వెళ్లిపోయింది. బాబు గదిలోంచి బయటికి రాడు, ఏదైనా అడిగితే విసుక్కుంటాడు. మావారు మంచివారే. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసి ఒళ్లంతా వేడి పుడుతుంది. మొన్న సూపర్ మార్కెట్‌లో పెరుగు డబ్బా పట్టుకుని ఏడుపు ఆపుకోలేకపోయాను. "నీకేం తక్కువ చేశాను?" అంటారు ఆయన. నిజంగా ఏమీ తక్కువ లేదు. ఆ నవల చదివాక ఇంకా టెన్షన్ ఎక్కువైంది. నాకు కృతజ్ఞత లేదా, పిచ్చి పడుతోందా? - పేరు వద్దు

రెండూ కాదు. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఎక్కడా అలా అనిపించలేదు.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మీరున్న దేశంలో నెలసరి పూర్తిగా ఆగిపోయే సగటు వయసు యాభై ఒకటి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే హార్మోన్లు ఎక్కువా తక్కువా అవుతూ నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి వేడి ఆవిర్లు, గుండె దడ, కారణం లేని ఏడుపు మొదలవుతాయి. నలభై ఏడుకి ఇది మామూలే, మామూలు కదా అని భరించాల్సిన పని మాత్రం లేదు. మీ జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లే ముందు ఒక కాగితం మీద నెలసరి ఎలా ఉంది, నిద్ర ఎన్ని గంటలు, ఆవిర్లు ఎప్పుడు అన్నది రాసుకెళ్లండి, పది నిమిషాల్లో అన్నీ గుర్తురావు. ఇంగ్లిష్‌లో ఇవన్నీ చెప్పుకోవడం ఇబ్బందిగా ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీ కావాలని అడగొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. దయచేసి మీ అబ్బాయినో మీవారినో దుబాసీగా కూర్చోబెట్టుకోకండి. హార్మోన్ మందులు మీకు పడతాయా లేదా అన్నది డాక్టరు మీ ఒంటి చరిత్ర చూసి మీతో కలిసి తేల్చాలి. రాసిస్తే గనక, ఇంగ్లండ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఆ మందులకి ఏడాదికోసారి తక్కువ రుసుము కట్టే సర్టిఫికెట్ ఉంది, దాని గురించి మందుల షాపులో అడగండి. మనసు సంగతికి అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లదే టాకింగ్ థెరపీస్ అని, మాటలతో చేసే చికిత్స ఉంది, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు దానికి జీపీ చీటీ లేకుండా నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు. ఎప్పుడైనా బతకాలని లేదు అనిపిస్తే మాత్రం ఇంతదూరం ఆలోచించకుండా ఎన్‌హెచ్‌ఎస్ నంబరు 111కి గానీ, బాధలో ఉన్నవాళ్ల మాట వినే సమారిటన్స్ వాళ్ల 116 123కి గానీ ఫోన్ చేయండి, ఏ వేళైనా తీస్తారు.

ఇక రెండో సంగతి, మాత్రతో పోనిది.

నవలలో ఒక సంగతి కేట్ మనసులో ముల్లులా ఉండిపోతుంది. ఇంట్లో అందరూ ఉండగా, ఆవిడ మామూలుగా ఏదో చూసుకోబోతే చిన్నకొడుకు టిమ్ తల్లి మీద అరుస్తాడు, నాకు ఊపిరాడకుండా చేస్తున్నావు, వదిలెయ్ అన్నట్టుగా. ఆ తర్వాత ఇంట్లోవాళ్లంతా ఆవిడతో రోగితో మాట్లాడినట్టు జాగ్రత్తగా మాట్లాడతారు, నన్ను అడిగితే అదే ఎక్కువ బాధ. ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ఆ ఇల్లు నడిచింది ఆవిడ ఓర్పు మీద. ఎవరికి ఎప్పుడు ఆకలి వేస్తుంది, ఎవరి మాట ఎవరికి గుచ్చుకుంది, ఎవరికి చొక్కా లేదు, ఇవన్నీ ఆవిడ తలలో ఉండాలి. ఒకరోజు వాళ్లకి అది అక్కర్లేకుండా పోయింది. అక్కర తీరిపోయిందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, విసుక్కోవడంతో తెలియజేశారు. మీ అబ్బాయి గది తలుపు గురించి రాశారే, అక్కడ నాకు టిమ్ గుర్తొచ్చాడు. పిల్లవాడి తప్పేమీ లేదు, ఆ వయసుకి అలాగే ఉండాలి. కానీ మీకు తగిలిన దెబ్బ కూడా నిజమైందే.

కేట్ ఒకచోట అనుకుంటుంది, ఇన్నేళ్లూ తాను అలవరచుకున్న ఓర్పు, అణకువ, సర్దుబాటు ఇవన్నీ సుగుణాలు కావు, ఒకరకమైన మతిభ్రమణం అని. చదవగానే ఉలిక్కిపడతాం. నేను అంత దూరం వెళ్లను, మీ ఓర్పు మీ పిల్లలకి నిజంగా అక్కరకొచ్చింది. కానీ ఆ మాట ఎందుకు అనుకుందో మీకు అర్థమైంది, అందుకే టెన్షన్ పెరిగింది.

కృతజ్ఞత అన్నారు. మావారు మంచివారు, ఇల్లుంది, పిల్లలు చదువుకుంటున్నారు, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి ఏడవకూడదు అని మీకు మీరే ఒక చట్టం రాసుకున్నారు. ఉన్నవాటికి సంతోషపడుతూనే లేనిదానికి బాధపడొచ్చు. లెక్చరర్‌గా క్లాసు ముందు నిలబడ్డ మనిషి మీలో ఇంకా ఉంది, ఆవిడకి ఇన్నేళ్లుగా పని లేదు. "నీకేం తక్కువ చేశాను?" అన్న ప్రశ్నకి "మీరేమీ తక్కువ చేయలేదండీ, నాకే నేను తక్కువయ్యాను" అని ఒకసారి చెప్పి చూడండి. ఆయన తప్పు వెతకడం మానేసి వింటారేమో.

పని వెతుక్కునే ముందు మాత్రం కేట్‌కి జరిగింది గుర్తుంచుకోండి. ఉద్యోగంలో చేరిన కొద్దిరోజుల్లోనే ఆవిడ అనువాదం వదిలేసి ప్రతినిధుల అవసరాలు కనిపెట్టే మనిషిగా మారిపోతుంది. హోటలు గదులు, మందులు, షాపింగ్, ఎవరికి ఇల్లు గుర్తొస్తోంది, అన్నీ. అందరూ మెచ్చుకుంటారు, జీతం పెంచుతారు. కొంతకాలానికి ఆవిడకి అర్థమవుతుంది, ఇక్కడా తాను చేస్తున్నది అమ్మ పనే అని. మన ఆడవాళ్లకి ఇంటి బయట చటుక్కున దొరికే పని కూడా సాధారణంగా అదే, గుడి కమిటీలో వంటలు, ఉగాది వేడుకలో పిల్లల డాన్సులు, వాళ్లింట్లో వీళ్లింట్లో సాయం. ఇష్టమైతే చేయండి. కానీ మీ చదువుకి తగిన పని విడిగా వెతకండి. ఇండియా డిగ్రీకి అక్కడ ఏది సమానమో యూకే ఎనిక్ అనే సంస్థ తేల్చి పత్రం ఇస్తుంది, మొదలు అక్కడ పెట్టండి. తర్వాత ఏమైందో నాకు రాయండి, తప్పకుండా రాయండి.

ప్రశ్న: ఇదంతా డబ్బున్న తెల్లవాళ్ల బాధ కాదా? మా అమ్మ పొద్దున్నే పొలం పనికి పోయేది, సాయంత్రం వచ్చి వండేది. ఆమెకు ఇలాంటి క్రైసిస్ వచ్చే తీరిక లేదు. - ఒక పాఠకుడు, హైదరాబాద్

సగం ఒప్పుకుంటాను. కేట్ జబ్బు పడితే మంచి హోటల్లో పడుకోగలిగింది, దుప్పటి మార్చడానికి, సూప్ తేవడానికి మనుషులున్నారు, చేతిలో జీతం డబ్బుంది. ఆ సదుపాయం లేని ఆడవాళ్లు అదే లండన్‌లో అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

రెండో సగం ఒప్పుకోను. అప్పటి బ్రిటన్‌లో డబ్బున్న ఇంటి ఆడవాళ్లకి కూడా లెక్కల్లో చోటు లేదు. ఆడామగా ఒకే పనికి ఒకే జీతం అన్న చట్టం 1970లో చేశారు గానీ అమల్లోకి వచ్చింది 1975 చివర్లో. ఆడవాళ్లని ఉద్యోగాల్లో, అప్పుల్లో తక్కువ చూపు చూడకూడదన్న చట్టమూ 1975దే. పెళ్లయిన ఆడమనిషి ఆదాయాన్ని పన్ను లెక్కల్లో మామూలుగా భర్త ఆదాయంలో కలిపే పద్ధతి 1990 దాకా నడిచింది. అంటే కేట్ ఆ వేసవి సంపాదించిన డబ్బు కూడా చట్టం దృష్టిలో చాలావరకు మైఖేల్ గారి ఖాతా. వయసుతో వచ్చే భయం ఒంటరిగా రాదు, ఇలాంటివి వెనకేసుకుని వస్తుంది.

పుస్తకంలో ఈ ఒక్క ఘట్టం చదవండి చాలు. జబ్బు తగ్గాక కేట్ వదులు బట్టల్లో, చింపిరి జుట్టుతో భవనం కట్టే కూలీల ముందు నుంచి నడుస్తుంది. ఒక్కడూ తలెత్తడు. మలుపు తిరిగి, పైన వేసుకున్న జాకెట్ తీసేసి, లోపలి బిగుతు గౌను కనబడేలా, జుట్టుకి స్కార్ఫ్ కట్టి, నడుము తెలిసేలా మళ్లీ వాళ్ల ముందు నుంచే వస్తుంది. ఈలలు, కేకలు, పిలుపులు. అటు మలుపు తిరిగి మళ్లీ జాకెట్ వేసుకుని వెనక్కి నడుస్తుంది. చూపులు ఆవిడ మీద నుంచి జారిపోతాయి. అదే మనిషి, అదే వీధి, అదే మధ్యాహ్నం. ఆవిడ కోపంతో వణికిపోతుంది, జన్మంతా అణచుకున్న కోపం అది. ఇందులో డబ్బెక్కడుంది?

ఇక మీ అమ్మగారి సంగతి. తీరిక లేదన్నారు, నమ్ముతాను. కానీ బాధ లేదని మీకెలా తెలుసు? నలభై అయిదేళ్లప్పుడు ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టేదా, పిల్లలు చదువుకి పట్నం పోయినప్పుడు ఇంట్లో ఎలా ఉండేది, ఎవరైనా అడిగారా? ఆమె బతికి ఉంటే ఈ ఆదివారం అడగండి. మా అమ్మను నేను అడగలేదు, ఇప్పుడు అడగడానికి లేదు.

ప్రశ్న: ఎంఏ ఇంగ్లిష్ చదువుతున్నాను. వర్జీనియా వుల్ఫ్ 'మిసెస్ డాలోవే'కి ఇది కొనసాగింపు అనొచ్చా మేడమ్? - ఒక విద్యార్థిని, విశాఖపట్నం

కొనసాగింపు అనకు తల్లీ, పక్కపక్కన పెట్టి చదువు. 1925లో వచ్చిన ఆ నవలలో మిసెస్ డాలోవేకి, అంటే క్లారిస్సాకి, యాభై ఒకటి దాటింది, 1923 జూన్‌లో ఒక్కరోజు కథ, పొద్దున పూలు కొనడానికి బయల్దేరి రాత్రి పార్టీతో ముగుస్తుంది. ఇక పెళ్లిళ్లు లేవు, పిల్లలు లేరు, అందరితో పాటు ఈ వీధిలో నడిచిపోవడమే అన్న భావన బాండ్ స్ట్రీట్‌లో ఆవిడకి కలుగుతుంది, తాను ఎవరికీ కనబడని మనిషినని కూడా. యాభై ఏళ్ల తర్వాత కేట్‌కి కూలీల ముందు జరిగింది అదే, తేడా ఏమిటంటే క్లారిస్సా దాన్ని మనసులో మోసుకుని పార్టీ ఇచ్చింది, కేట్ పరీక్ష పెట్టి రుజువు చేసుకుంది. నీ పేపరుకి ఈ రెండు నడకలు తీసుకుంటే చాలు. ఇంకోమాట, లెస్సింగ్‌ని వట్టి లండన్ రచయిత్రి అనుకోకు. 1919లో ఇరాన్‌లోని కెర్మాన్‌షాలో పుట్టి, ఇప్పటి జింబాబ్వేలో పెరిగి, 1949లో కొడుకుని తీసుకుని లండన్ చేరింది. 2007లో నోబెల్ వచ్చింది. ఇంగ్లిష్ మధ్యతరగతి ఇల్లు ఆవిడకి అంత స్పష్టంగా కనబడిందంటే బయటి నుంచి వచ్చి చూడటం వల్లేనని నా నమ్మకం.

ప్రశ్న: తెలుగులో ఇలాంటిది ఉందా? ఇంగ్లిష్ నవల చదివే ఓపిక లేదు. - ఒక గృహిణి, ఖమ్మం

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ చదవండి, కూర వండే లోపు అయిపోతుంది. ఇల్లు అద్దంలా అలుకుతూ అలుకుతూ ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. అమ్మ, వదిన, పక్కింటామె, ఇలా పిలుపులున్నాయి గానీ పేరు లేదు. ఇంట్లోవాళ్లని అడిగితే ఇప్పుడు దాంతో పనేముందంటారు. పుట్టింటికి వెళ్లి సర్టిఫికెట్లలో వెతుక్కోబోతుంటే చిన్ననాటి స్నేహితురాలు కనబడి "శారదా" అని పిలుస్తుంది. కేట్‌కి మూడు వందల పేజీలు దాకా పట్టిన పని, సత్యవతి గారు కొన్ని పేజీల్లో చేశారు. పెద్ద నవలల గొడవ తర్వాత చూద్దాం, ముందు ఇది మీ చెల్లెళ్లకి, తోటికోడళ్లకి ఇవ్వండి.

ప్రశ్న: నాకు ముగింపు చూసి ఒళ్లు మండింది. మైఖేల్‌కి చిన్నచిన్న వ్యవహారాలున్నాయని ఆమెకు తెలుసు. ఉద్యోగం చేసింది, దేశాలు తిరిగింది, ఒంటరిగా బతకగలనని తేల్చుకుంది. మళ్లీ అదే ఇంటికి సూట్‌కేసు పట్టుకుని పోవడమేంటి? అన్నట్టు మైఖేల్ మారతాడంటారా? - ఒక పాఠకురాలు, అనంతపురం

మీ కోపం నాకు నచ్చింది. విడాకులకి అప్పటికే దారి ఉంది, 1971లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఇద్దరూ ఒప్పుకుని రెండేళ్లు విడిగా ఉంటే సరిపోయేది. కాబట్టి చట్టం ఆపింది అనడానికి లేదు, ఆవిడే వెళ్లింది.

ఎలా వెళ్లిందో చూడండి. పెళ్లయిన ఇన్నేళ్లూ ఆవిడ జుట్టు ఇంట్లోవాళ్లకి నచ్చే ఎర్ర రంగులో, చక్కగా సెట్ చేసి ఉండేది. జబ్బులో రంగు దిగిపోయి, మధ్య పాయ దగ్గర తెల్లటి పట్టీ వెడల్పవుతూ వచ్చింది. మిగతావన్నీ సర్దుకుంటాను గానీ ఈ జుట్టు మాత్రం ఇలాగే ఇంటికి వస్తుంది అని తేల్చుకుంటుంది. ఎన్నేళ్లుగానో ఆ ఇంట్లో ఆవిడ తనకోసం ఒక్క నిర్ణయం తీసుకుంటే అది ఇదే. మీకు ఇది చాలా చిన్నదిగా అనిపించింది, నాకు మొదటిసారి అలాగే అనిపించింది. కానీ మన ఇళ్లలో నలభై దాటిన ఆడమనిషి రంగు మానేస్తే ఎన్ని నోళ్లు లేస్తాయో ఒకసారి తలుచుకోండి. "ముసలిదానివైపోయావేంటే", "ఫంక్షన్‌కి ఇలాగే వస్తావా", "మావాడికి అప్పుడే ముసలి పెళ్లామా". ఆ మాటలు వినిపించుకోకుండా కూర్చోవడానికి ఎంత బలం కావాలో కేట్‌కి తెలుసు, లెస్సింగ్‌కీ తెలుసు, పుస్తకం వచ్చేనాటికి ఆవిడకి యాభై మూడు.

ఇల్లు వదిలిపోవడమే ధైర్యం, తిరిగి రావడమంటే ఓడిపోవడం, ఈ లెక్క నాకు ఎప్పుడూ మింగుడు పడదు. పోయేవాళ్లు పోవాలి, కొట్టే మొగుడి దగ్గర ఒక్కరోజు కూడా ఉండక్కర్లేదు. కేట్ సంగతి వేరు. ఆవిడకి మైఖేల్ మీద పాత భ్రమలు లేవు, పిల్లల మీద అధికారం లేదు, తన మీద తనకి జాలి కూడా తగ్గింది. ఇవన్నీ తెలిసి వెళ్లే మనిషిని, ఏమీ తెలియక ఉండిపోయే మనిషిని ఒకే గాటన కట్టకూడదు.

మైఖేల్ మారతాడా అన్నారు. నవల బస్ స్టాపు దగ్గర ఆగిపోతుంది, ఆ ఇంటి తలుపు మనకి తీసి చూపించదు. నా మట్టుకు నాకు ఆయన మారడనే అనిపిస్తుంది. మొదటి వారం ఆవిడ జుట్టు గురించి ఏమీ అనడు, రెండో వారం పార్లర్‌కి వెళ్లవా అంటాడు, ఆవిడ వెళ్లనంటుంది. ఆ తర్వాత ఆ కాపురం ఏమవుతుందన్నది మీరూ నేనూ వాదించుకోవచ్చు, మీ ఊహ రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాను.